310 స్టీలుకి టిగ్ వెల్డింగ్ వేసేటప్పుడు పగుళ్లు రాకుండా

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఫర్నేస్ మఫిల్స్ (కొలిమి లోపలి పెట్టెలు), బాస్కెట్లు రిపేరుకి వస్తుంటాయి. చాలావరకు 310 స్టెయిన్‌లెస్సే: క్రోమియం 25, నికెల్ 20 శాతం. మామూలు స్టెయిన్‌లెస్ అయిన 304 మీద చెయ్యి తిరిగిన కుర్రాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు. తప్పు చేతిది కాదు, ఈ లోహం తీరే వేరు.

304కి 308 ఫిల్లర్ రాడ్ వాడితే బీడ్ (కరిగించి వేసిన వెల్డ్ గీత) గడ్డకట్టేటప్పుడు అందులో కాస్త డెల్టా ఫెర్రైట్ అనే ఇనుము రూపం పుడుతుంది. గంధకం, భాస్వరం కొంత అందులో సర్దుకుంటాయి. 310లో ఆ ఫెర్రైట్ పుట్టదు. ఆ మలినాలన్నీ ఆఖరున మిగిలిన ద్రవంలోకి చేరి, గ్రెయిన్ల (లోహపు స్ఫటికాల) మధ్య పల్చటి పొరగా నిలుస్తాయి. చుట్టూ లోహం చల్లారి లాగేసరికి అక్కడే చీలుతుంది.

అందుకే ముందు శుభ్రం. జాయింట్‌కి రెండు పక్కలా అంగుళం మేర మెరిసే లోహం తేలేదాకా గ్రైండ్ చేసి, అసిటోన్‌తో తుడవండి. కటింగ్ ఆయిల్ మరకే కాదు, మార్కర్ గీత కూడా ఉండకూడదు. క్లోరిన్ ఉన్న డీగ్రీజర్లు మాత్రం ఆర్క్ దగ్గరికి తేవద్దు, విషవాయువు పుడుతుంది.

రాడ్ ఈఆర్ 310. ప్రీహీట్ అక్కర్లేదు. వీవింగ్ (టార్చ్‌ని అటూ ఇటూ ఊపడం) మానేసి సన్నగా, తిన్నగా రన్ వేయండి. బీడ్ కొంచెం ఉబ్బుగా ఉండాలి. పల్లంగా వేస్తే చూపుకి బాగుంటుంది గానీ నడిమధ్యన చీలుతుంది. స్పీడు మరీ పెంచినా అంతే: పూల్ (కరిగిన లోహపు మడుగు) తోక సాగి, రెండు వైపుల గ్రెయిన్లూ నడిగీత మీద ఎదురుపడి మురికంతా అక్కడ పోగవుతుంది. పాస్‌కీ పాస్‌కీ (రన్‌కీ రన్‌కీ) మధ్య 150 డిగ్రీల లోపుకి చల్లారనివ్వండి, మేమైతే 100 దాకా ఆగుతాం. ఓనరు గడియారం చూస్తాడు, చూడనివ్వండి.

అన్నిటికన్నా ఎక్కువ పగిలేది క్రేటర్‌లో, అంటే రన్ చివర మిగిలే గుంటలో. ఆర్క్ టక్కున ఆపొద్దు. రాడ్ ఇంకో చుక్క పెట్టి గుంట నింపి, కరెంటు పెడల్ మెల్లగా వదలండి. ఆర్గాన్ ఆగేదాకా టార్చ్ కదపొద్దు. టాక్‌లకీ (ముక్కలు కదలకుండా ముందు వేసే చిన్న అతుకులకీ) ఇదే పద్ధతి. పగిలిన టాక్ మీద రన్ వేస్తే కరిగిపోతుందిలే అనుకోకండి, గ్రైండ్ చేసి తీసేయండి.

రూట్ (అడుగున వేసే మొదటి రన్) అయ్యాక ఒకసారి, చివర్లో ఒకసారి డీపీ టెస్ట్, అంటే రంగుతో పగుళ్లు పట్టే డై పెనెట్రెంట్ పరీక్ష చేయండి. పెనెట్రెంట్ (పగుళ్లలోకి దిగే ఎర్రరంగు) కొట్టి పది నిమిషాలు ఉంచాలి. క్లీనర్‌ని నేరుగా జాయింట్ మీద కొట్టకుండా గుడ్డకి తడిపి తుడిచి, ఆపైన డెవలపర్ (ఆ రంగును పైకి లాగే తెల్లపొడి) వేయండి. క్రేటర్‌లో నక్షత్రంలా ఎర్రగీతలు తేలితే, అవి పూర్తిగా పోయేదాకా గ్రైండ్ చేసి మళ్లీ టెస్ట్. రూట్ మీద ఆ రంగూ, పొడీ మొత్తం తుడవనిదే తర్వాతి రన్ మొదలుపెట్టొద్దు.