పుస్తకం ప్రపోజల్ ఎక్కడ ఆగింది? సమస్య - పరిష్కారం

నవలకైతే ప్రచురణకర్తకు రాతప్రతి మొత్తం ఇవ్వాల్సిందే. చరిత్ర, వ్యవసాయం, ఆరోగ్యం లాంటి పుస్తకాలకు పుస్తకం ఏం చెబుతుందో, ఎవరు కొంటారో వివరించే పదిహేను ఇరవై పేజీల ప్రపోజల్, ఒక నమూనా అధ్యాయం ఉంటే మాట మొదలవుతుంది. విజయవాడ ఏలూరు రోడ్డులో ఏ ప్రచురణకర్తా మొహం మీద వద్దనడు. కానీ ఆయన అన్న మాటను బట్టి మన ప్రపోజల్‌లో ఏ పేజీ తేలిపోయిందో పట్టుకోవచ్చు. గుంటూరు మిర్చి మీద పుస్తకం అనుకుని చూద్దాం.

"సబ్జెక్టు బాగుంది, చూద్దాం"

కారణం: సబ్జెక్టు ఉంది, పుస్తకం లేదు. "గుంటూరు మిర్చి సమగ్ర చరిత్ర" అంటే పోర్చుగీసు ఓడల దగ్గర్నుంచి మిర్చి యార్డులో ఇవాళ్టి ధర దాకా అన్నీ వచ్చి పడతాయి.

పరిష్కారం: పుస్తకం తేల్చే ప్రశ్న ఒక్కటే పెట్టుకోండి. "కోల్డ్ స్టోరేజీలు వచ్చాక బేరమాడే బలం రైతుకు పెరిగిందా, సరుకు మీద అప్పిచ్చేవాడికి పెరిగిందా?" మొదటి పేజీలో ఈ ప్రశ్న, మీ జవాబు, దానికి ఆధారాలు 300 పదాల్లోపు రావాలి. గుంటూరు సన్నం రకం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉందన్న సంగతైనా సరే, ఈ ప్రశ్నకు పనికొస్తేనే అక్కడ ఉండాలి.

"ఎవరు కొంటారండీ?"

పాఠకులు ఎవరన్న చోట "తెలుగువారందరూ" అని రాసి ఉంటారు. దాన్ని కొట్టేసి మనుషుల్ని రాయండి: కమీషన్ వ్యాపారులు, ఎగుమతిదారులు, లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు, బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు, పల్నాడు రైతు సంఘాలు. ఒక్కొక్కరినీ చేరే దారి పక్కనే ఉండాలి. ఏ సంఘం సమావేశంలో బల్ల వేసి అమ్మొచ్చు, ఏ పత్రికలో మీ వ్యాసాలు వస్తున్నాయి అన్నవి ఫేస్‌బుక్ లైకులకన్నా బరువైనవి. గ్రంథాలయ సంస్థల కొనుగోళ్లను మాత్రం అమ్మకాల లెక్కలో వేయకండి. అవి వస్తే వచ్చినట్టు.

"ఇలాంటివి వచ్చాయి కదా"

"ఇటువంటి పుస్తకం ఇంతవరకు రాలేదు" అన్న వాక్యమే దీనికి మూలం. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో స్టాళ్లన్నీ తిరిగి దగ్గరి పుస్తకాలు నాలుగైదు ఏరండి. పేరు, ప్రచురణ సంవత్సరం, పేజీలు, ధర, అది వదిలేసిన విషయం, ఇవన్నీ ఒక్కోదానికి మూడు నాలుగు వాక్యాల్లో చాలు. ఆ పుస్తకాలను తిట్టకండి. వాటిలో ఒకటి ఆ ప్రచురణకర్తే వేసి ఉండొచ్చు.

అధ్యాయాల దగ్గరికొచ్చి ఆపేశారు

ఎక్కువ ప్రపోజళ్లు చచ్చేది ఇక్కడే. "3. మిర్చి - మార్కెటింగ్" అని శీర్షిక మాత్రం ఇస్తే అది విషయసూచిక అవుతుంది. ప్రతి అధ్యాయానికీ 120 నుంచి 150 పదాలు రాయండి. అందులో ఏ సంగతి తేలుస్తారు, ఏ కాగితాలు చూశారు, ఎవరితో మాట్లాడారు, చివరికి పాఠకుడికి ఏం తెలుస్తుంది అన్నవి ఉండాలి. ఇంకా చేయాల్సిన ఇంటర్వ్యూలుంటే ఆ మాటా చెప్పండి, అది లోపం కాదు. ఒక అధ్యాయానికి 120 పదాలు కూడా రావడం లేదంటే దాన్ని పక్క అధ్యాయంలో కలిపేయాలని అర్థం.

నమూనాగా ఉపోద్ఘాతం పంపకండి. గట్టి ఆధారాలున్న నడిమి అధ్యాయం పంపండి. పెద్దవాళ్ల ముందుమాటలు నాలుగు ముందే పోగేసి జతచేయడం మనవాళ్లకు అలవాటు. కొనేవాడు అవి చదివి కొనడు, ప్రచురణకర్తకు ఆ సంగతి తెలుసు.

పొడవు ఫారాల్లో, అంటే ఒక్కో అచ్చుకాగితంలో పట్టే పేజీల కట్టల్లో, చెబితే ఖర్చు లెక్క వెంటనే తేలుతుంది. డెమీ 1/8 సైజులో ఫారానికి 16 పేజీలు, పేజీకి సుమారు 200 పదాలు. అంటే 160 పేజీల పుస్తకానికి పది ఫారాలు, దాదాపు 32,000 పదాలు. ఫొటోలకు పేజీలు వేరే కలపండి, వాటి సొంతదారుల అనుమతి రాతలో తీసుకోండి.

ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు

యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లయిన అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కుప్పగా కనబడుతుంది. యూనికోడ్‌లో వర్డ్ ఫైలు, దాంతోపాటు ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ పంపండి. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చి ఉంటే ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు ఒక్కొక్కటీ కళ్లతో చూడాల్సిందే.

"మీరెంత పెట్టుకుంటారు?"

అచ్చు ఖర్చులో మీ వాటా అడుగుతున్నారంటే రెండు కారణాలుండొచ్చు. కొనేవాళ్ల పేజీ నమ్మకం కలిగించకపోయి ఉండొచ్చు, లేదా ఆ సంస్థ పద్ధతే అది కావచ్చు. రెండోదైతే ప్రపోజల్ ఎంత దిద్దినా ఫలితం ఉండదు, కాబట్టి పంపే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. డబ్బు పెట్టడానికి సిద్ధపడితే ఎన్ని కాపీలు వేస్తారు, స్టాకు ఎవరి దగ్గర ఉంటుంది, మిగిలినవి ఎవరివి అన్నవి కాగితం మీద ఉండాలి.

వాళ్లే వేస్తామంటే రాయల్టీ దేని మీదో అడగండి. 200 రూపాయల పుస్తకాన్ని షాపుకు 40 శాతం కమీషన్‌తో ఇస్తే, పది శాతం రాయల్టీ ముఖవెల (పుస్తకం మీద అచ్చేసిన ధర) మీదైతే 20 రూపాయలు, వచ్చిన సొమ్ము మీదైతే 12. హక్కుల బదిలీకి గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తారు. ఒప్పందంలో "శాశ్వతంగా" అన్న మాట కనబడితే సంతకం ఆపి, గడువు వేయించండి. ఈ-బుక్, ఆడియో, అనువాద హక్కులకు విడివిడిగా వాక్యాలు అడగండి.