విశాఖలో చలికాలం కరెంటు బిల్లు: చూడాల్సింది గీజర్ వైపే

విశాఖపట్నంలో డిసెంబరు, జనవరి బిల్లులు ఏడాది మొత్తంలో తక్కువ రావాలి. ఏసీ ఆగిపోతుంది, ఫ్యాను ఒకటో నంబరు మీద తిరుగుతుంది, ఫ్రిజ్ కంప్రెసర్‌కి కూడా కాస్త ఊపిరి ఆడుతుంది. అయినా బిల్లు దిగలేదంటే కారణం చాలావరకు స్నానాల గదిలోనే దొరుకుతుంది. సముద్రం పక్కనున్న ఊళ్లో గది వెచ్చబెట్టుకోవాల్సిన పని పెద్దగా ఉండదు. ఉన్నదల్లా వేన్నీళ్ల ఖర్చు.

ముందు బిల్లు తీసి రూపాయలు కాకుండా యూనిట్లు చూడండి. ట్రూ-అప్, ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు) పేర్లతో పడే వరుసలు వెనకటి నెలల వాడకం మీద వేసేవి. ఈ నెల మీరు ఎంత పొదుపు చేసినా అవి కదలవు. వాటిని కలిపి పోల్చుకుంటే ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో తెలియదు. రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులున్నాయో చూసి, యూనిట్లను ఆ రోజులతో భాగించండి. 28 రోజుల బిల్లును 33 రోజుల బిల్లుతో పోల్చి గుండెలు బాదుకునేవాళ్లు చాలామంది.

ఇక స్లాబుల సంగతి. 2022-23 టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఏ స్లాబులోని యూనిట్లకు ఆ స్లాబు రేటే పడుతుంది. తాజా రేట్లు మీ బిల్లులో సరిచూసుకోండి. ఈ లెక్కన 225 యూనిట్లకు 1,017 రూపాయలు (ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం కాకుండా). ఆ తర్వాత గీజర్ వల్ల ఇంకో 100 యూనిట్లు కాలితే, ఆ వందకే 875. గీజర్ యూనిట్లు ఎప్పుడూ మీ బిల్లులో పై మెట్టు మీదే కూర్చుంటాయి. అందుకే అక్కడ తగ్గించిన ఒక్కో యూనిట్‌కు విలువ ఎక్కువ.

వేన్నీళ్లకు ఎంత కాలుతుందో లెక్క వేసుకోవడం కష్టం కాదు. లీటర్లను పెంచాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలు, స్నానానికి 40 డిగ్రీలు అనుకుందాం. 20 లీటర్ల బకెట్‌కు 20 × 16 ÷ 860, అంటే 0.37 యూనిట్. నలుగురికి తలా ఒక బకెట్ అయితే రోజుకు ఒకటిన్నర, నెలకు 45 యూనిట్లు. అదే నలుగురూ నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద 8 నిమిషాలు నిలబడితే తలా 64 లీటర్లు, దాదాపు 1.2 యూనిట్లు. నెలకు దాదాపు 143. బకెట్, చెంబు పద్ధతికి పాతకాలం అని పేరు పెట్టినా ఈ తేడా మాత్రం ఏ ఫైవ్ స్టార్ గీజరూ తెచ్చిపెట్టలేదు.

గీజర్ వాడే తీరు ఇలా మార్చుకోండి. 15 లీటర్ల గీజర్, 2 కిలోవాట్ల ఎలిమెంట్ (లోపల నీళ్లు కాచే కడ్డీ) అయితే 24 నుంచి 60 డిగ్రీలకు చేరడానికి 20 నిమిషాలు చాలు. 60 డిగ్రీల నీళ్లు 9 లీటర్లు, చన్నీళ్లు 11 లీటర్లు కలిస్తే ఒక బకెట్. అంటే నిండు గీజర్‌లో ఒకటిన్నర బకెట్ వేన్నీళ్లు ఉన్నట్టు. స్నానాలు గంటకొకటి కాకుండా వరసగా పెట్టుకోండి. చివరి మనిషి స్నానానికి వెళ్లే ముందే స్విచ్ కట్టేయండి. ట్యాంకులో ఉన్నది ఆయనకు సరిపోతుంది. చాలా ఇళ్లలో అందరూ అయిపోయాక, ఎవరికీ అక్కర్లేని 15 లీటర్లు కాగి, సాయంత్రానికి చల్లారిపోతాయి. ఒక్కోసారి అర యూనిట్ పైన దండగ.

రోజంతా గీజర్ ఆన్‌లో ఉంచితే 24 గంటలూ 2 కిలోవాట్లు లాగుతుందనేది అపోహ. నీళ్లు పెట్టిన వేడికి చేరగానే థర్మోస్టాట్ కరెంటు కట్ చేస్తుంది. పోయేది ట్యాంకు గోడల గుండా చల్లారే వేడి మాత్రమే. స్టార్ లేబుల్ మీద 'స్టాండింగ్ లాస్' అని రాసి ఉండేది అదే, 24 గంటలకు ఇన్ని యూనిట్లని. లోపలి ఫోమ్ నలిగిపోయిన పాత గీజర్‌లో ఇది ఎక్కువ ఉంటుంది. గీజర్ పై డొక్కు చేతికి గోరువెచ్చగా తగిలిందంటే మీ డబ్బు అక్కడి నుంచే పోతోంది.

డయల్ ఉంటే 75 నుంచి 50-55కి దించండి. మరీ తక్కువలో పెట్టి రోజుల తరబడి నీళ్లు నిలవ ఉంచితే బాక్టీరియా పెరిగే వీలుంది, కాబట్టి వారానికోసారి 60 దాకా కాగనివ్వండి. తొందర లేనివాళ్లు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు స్నానం చేయగలిగితే ఇంకా మంచిది. డాబా మీద నల్లటి ట్యాంకులో నీళ్లు అప్పటికి ఎండకు కాగి ఉంటాయి. పెద్దవాళ్లకు అది హాయి కూడా.

నీళ్లు నిలవ పెట్టకుండా కుళాయి తిప్పినప్పుడే కాచే ఇన్‌స్టంట్ గీజర్ తక్కువ తింటుందనే మాటలో సగమే నిజం. నిలవ నష్టం ఉండదు, అంతవరకే. నీళ్లు కాగడానికి పట్టే యూనిట్లు అవే. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ నిమిషానికి 2.7 లీటర్ల కన్నా ఎక్కువ వెచ్చటి నీళ్లు ఇవ్వలేదు, బకెట్ నిండడానికి ఏడున్నర నిమిషాలు. పైగా 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ సాకెట్, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కావాలి. ఫ్యాను, లైట్లకు వేసిన సన్న వైరు మీద తగిలిస్తే సాకెట్ నల్లబడి కరుగుతుంది. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పు గాలికి ప్లగ్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. కాంటాక్ట్ లూజై వేడెక్కేది అక్కడే. ప్లగ్ తీసి చూసి, గరుకు కాగితంతో రుద్ది, అప్పటికే కమిలి ఉంటే సాకెట్, ప్లగ్ రెండూ మార్చేయండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఎలిమెంట్‌కు సున్నపు పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టినంత మాత్రాన యూనిట్లు ఒక్కసారిగా పెరగవు, ఎలిమెంట్ వేడి చివరికి నీళ్లలోకే వెళుతుంది. అసలు నష్టం వేరు. ఎలిమెంట్ లోలోపల అతిగా వేడెక్కి పగులుతుంది, థర్మోస్టాట్‌కు సరైన వేడి తెలియదు. నీళ్లు కాగడం ఆలస్యమైతే ముందు వోల్టేజి చూడండి: 230 బదులు 200 వోల్టులు వస్తుంటే 2 కిలోవాట్ల ఎలిమెంట్ ఒకటిన్నర కిలోవాట్‌గా పనిచేస్తుంది. టైము ఎక్కువ పడుతుంది, యూనిట్లు అంతే.

పెచ్చు తీయడం ఏడాది, రెండేళ్లకోసారి చాలు. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ ఊడదీయండి లేదా బోర్డులో గీజర్ ఎంసీబీ (ట్రిప్ స్విచ్) దించండి. నీళ్లు చల్లారాక ఇన్‌లెట్ వాల్వ్ కట్టి, వేన్నీళ్ల కుళాయి తెరిచి, డ్రైన్ గుండా ఖాళీ చేయండి. కింది మూత విప్పి వైర్లను ఫోటో తీసుకున్నాకే ఊడదీయాలి. ఎలిమెంట్‌ను ట్యాంకుకు పట్టి ఉంచే ఫ్లాంజ్ బోల్టులు విప్పి ఎలిమెంట్ దించి, లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రెండు గంటలు నానబెట్టండి. స్క్రూడ్రైవర్‌తో గోకితే ఎలిమెంట్ పై పొర పోతుంది. పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీ మూడో వంతుకు అరిగిపోయి ఉంటే మార్చండి. అది తనను తాను తినిపించి ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. గ్యాస్కెట్ కొత్తది వేయండి. తిరిగి బిగించాక వేన్నీళ్ల కుళాయి నుంచి గాలి లేకుండా నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగి, అప్పుడే కరెంటు ఇవ్వండి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది. ఈ పని అలవాటు లేకపోతే మెకానిక్‌ను పిలవండి, కానీ మెగ్నీషియం కడ్డీ చూపించమని అడగండి.

హీటర్ రాడ్ వాడేవాళ్లకు యూనిట్ల దండగ లేదు: 1500 వాట్ల రాడ్ బకెట్ నీళ్లను పావుగంటలో 40 డిగ్రీలకు తెస్తుంది. ప్రమాదమే దాని ఖరీదు. ప్లగ్ ఊడదీశాకే నీళ్లు ముట్టుకోవాలి. ఇనుప బకెట్ వద్దు. రాడ్‌ను బాత్రూం బయట పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో అయితే అసలు వద్దనే చెబుతాం.

గ్యాసు పొయ్యి మీద కాచుకుంటే చవకా? 14.2 కిలోల సిలిండర్ నుంచి మామూలు పొయ్యి మీద నీళ్లలోకి దిగే వేడి దాదాపు 110 యూనిట్లకు సమానం. సిలిండర్ ధరను 110తో భాగించండి. ఎనిమిది రూపాయల లోపు వచ్చి, మీరు 225 యూనిట్లు దాటే ఇల్లయితే గ్యాసు కొంచెం చవక. 6 రూపాయల స్లాబులోనే ఆగిపోయే ఇంటికి గీజరే మేలు. గ్యాస్ గీజర్ మాత్రం బాత్రూం లోపల బిగించకండి. తలుపు మూసిన చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా మనిషిని పడగొడుతుంది.

సందేహం ఇంకా తీరకపోతే మీటర్ దగ్గర పరీక్ష చేయండి. మీటర్ మీద యూనిట్‌కు ఎన్ని ఇంపల్సులో (లైటు మెరుపులో) అచ్చువేసి ఉంటుంది, 3200 అనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపేస్తే ఎర్ర లైటు మినుకు ఆగిపోవాలి. ఆగకపోతే ఏదో లీకవుతోంది, లేదా మీరు మరిచిన వస్తువేదో తిరుగుతోంది. తర్వాత గీజర్ ఒక్కటే వేసి నిమిషం లెక్కపెట్టండి: 2 కిలోవాట్లకు 107 సార్లు మెరవాలి. తేడా బాగా ఉంటే, వోల్టేజి కూడా చూసుకున్నాక 1912కు ఫిర్యాదు చేసి మీటర్ పరీక్ష అడగండి.

సొంత డాబా ఉన్నవాళ్లు సోలార్ వాటర్ హీటర్ ఆలోచించవచ్చు. మన చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది కనుక నలుగురి ఇంటికి 100 లీటర్లది సరిపోతుంది. కరెంటు ప్యానెళ్లకైతే 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కు 30,000 చొప్పున 2 కిలోవాట్ల దాకా, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

రూమ్ హీటర్ విశాఖలో కొనకండి. 2 కిలోవాట్లది రాత్రి నాలుగు గంటలు వేస్తే నెలకు 240 యూనిట్లు. పెద్దవాళ్లకు చలి పుడితే వేన్నీళ్ల సంచి, మేజోళ్లు, ఉత్తరం వైపు కిటికీకి మందపాటి తెర చాలు. పాడేరు, లంబసింగి, అరకు వైపు సంగతి వేరు. అక్కడ గది మొత్తం కన్నా పడక వెచ్చబెట్టుకోవడం చవక. వంద వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి రాత్రంతా వేసినా ఒక యూనిట్ దాటదు. బొగ్గుల కుంపటి మాత్రం నిద్రపోయే గదిలో పెట్టకండి. నిప్పు కాచుకున్నాక, పడుకోబోయే ముందే దాన్ని ఆరుబయట పెట్టేయాలి.