పురుగుమందులు కలిస్తే నీటి జీవాలకు ఏమవుతుందో పరీక్షించడం ఎలా?

నీటి రిపోర్టులో ప్రతి మందు పక్కనా ‘పరిమితి లోపే’ అని ఉంటే చాలామంది నిశ్చింతగా పక్కన పెట్టేస్తారు. నేను అక్కడే లెక్క మొదలుపెడతాను. పొలాల నుంచి కొట్టుకొచ్చిన మందులన్నీ ఆ నీళ్లలోని పురుగు ఒంట్లోకి ఒకేసారి చేరతాయి మరి.

ప్రతి మందు గాఢతనూ దాని ఈసీ50తో, అంటే 48 గంటల్లో సగం డాఫ్నియాలను (మంచినీళ్లలో ఈదే చిన్న జీవాలను) కదలకుండా చేసే గాఢతతో, భాగించండి. వచ్చేది టాక్సిక్ యూనిట్. మూడు మందులకు తలా 0.4 వస్తే విడివిడిగా ఏదీ భయపెట్టదు. కూడితే 1.2, అంటే సగానికి పైగా పడిపోతాయని అంచనా.

ఒకే తీరుగా పనిచేసే మందులకు ఈ కూడిక బాగా సరిపోతుంది. అజోల్ రకం తెగులు మందు పైరెత్రాయిడ్ పురుగుమందుతో కలిస్తే మాత్రం అంచనా దాటిపోవచ్చు. పైరెత్రాయిడ్‌ను ఒంట్లో విరిచేసే పీ450 ఎంజైములను అజోల్ అడ్డుకుంటుంది. అలాంటి జంట కనబడితే కాగితం మీద లెక్కను నమ్మి ఊరుకోవద్దు, జీవాల మీదే చూడాలి.

24 గంటలు నిండని డాఫ్నియా పిల్లలను గాఢతకు 20 చొప్పున తీసుకుని, ఐదేసిగా నాలుగు బీకర్లలో వేయండి. 20 డిగ్రీల దగ్గర, మేత వేయకుండా 48 గంటలు ఉంచాలి. బీకర్లు గాజువే కావాలి. పైరెత్రాయిడ్లు ప్లాస్టిక్‌కు ఇట్టే అంటుకుపోతాయి, గాజుకూ కొంత అంటుకుంటాయి. కాబట్టి మొదట్లోనూ చివర్లోనూ గాఢత కొలవండి. అజోల్‌ను తనంతట తాను ఏ హానీ చేయనంత మోతాదులో స్థిరంగా ఉంచి, పైరెత్రాయిడ్‌ను మాత్రమే మెట్లుమెట్లుగా పెంచాలి. ఉత్త నీళ్లు, మందును కరిగించే ద్రావకం ఒక్కటే, ఒక్కో మందు విడిగా: ఇవన్నీ అదే రోజు, అదే బ్యాచ్ పిల్లలతో నడవాలి. ఉత్త నీళ్లలోనే 10 శాతానికి మించి కదలడం మానేస్తే ఆ పరీక్ష చెల్లదు.

లెక్కించేటప్పుడు తొందర వద్దు. బీకరును మెల్లగా కదిపి 15 సెకన్లు చూడండి. ఒక పిల్ల అడుగున పక్కకు ఒరిగి, కొమ్ముల్లాంటి స్పర్శకాలు మాత్రం ఆడిస్తుంటుంది. లెన్సు పెడితే గుండె కొట్టుకోవడమూ కనిపిస్తుంది. బతికే ఉందిలే అని వదిలేయాలనిపిస్తుంది. ఈదలేకపోతే కదలనిదిగానే రాయండి. చెరువులో ఈదలేని డాఫ్నియా ఎక్కువసేపు మిగలదు.

జనాభా మాట చెప్పాలంటే 48 గంటలు చాలవు. తల్లులను ఒక్కో బీకరులో ఒక్కొక్కటిగా పెట్టి, మేత వేస్తూ 21 రోజులు సాకండి. తొలి కాన్పు ఏ రోజు, మొత్తం పిల్లలెన్ని అన్నది రాసుకోండి. తల్లి నిక్షేపంగా ఈదుతున్నా కాన్పులు తగ్గితే జనాభాకు దెబ్బే.

మిశ్రమంలో ఇమిడాక్లోప్రిడ్ లాంటి నియోనికోటినాయిడ్ రకం పురుగుమందు ఉంటే డాఫ్నియా ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఆ మందును డాఫ్నియా బాగా తట్టుకుంటుంది. మేఫ్లై, కైరోనోమస్ అనే కీటకాల నీటిలో పెరిగే లార్వాలు అంతకంటే ఎంతో తక్కువ గాఢతకే కుప్పకూలతాయి. వాటితోనూ పరీక్ష పెట్టండి.