తాటిబెల్లంతో అల్లం బీరు: బెజవాడ ఎండల్లో ఇంట్లో చేసుకోవడం ఎలా?

డార్క్ ఏల్ (నల్లటి రకం బీరు) కిట్ ఒకటి తెప్పించుకుని ఇంట్లోనే కాచుకుందామని కొందరికి ఉంటుంది, ముఖ్యంగా విదేశాల్లో ఉండి వచ్చినవాళ్లకు. ఇక్కడ దానికి రెండు అడ్డంకులు. మొదటిది 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం. లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం, ఇంట్లో మన కోసమే అయినా సరే. రెండోది ఎండ. ఏల్‌ను పులియబెట్టే ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో బెజవాడలోగానీ గుంటూరులోగానీ అర్ధరాత్రి కూడా అది దొరకదు.

అందుకని దాని దగ్గరి చుట్టాన్ని పట్టుకుందాం. అల్లం బీరు పేరుకే బీరు, నిజానికి పులియబెట్టిన సోడా. తాటిబెల్లం వేస్తే రంగు మాత్రం డార్క్ ఏల్‌కు ఏమీ తీసిపోదు.

ముందు తోడు తయారు చేసుకోవాలి. పెరుగుకు తోడు ఎలాగో దీనికి అల్లం తోడు అలాగ. రైతుబజారులో మట్టి అంటుకుని ఉన్న తాజా అల్లం తీసుకోండి. మట్టి పోయేలా కడగండి కానీ తొక్క తీయకండి, మనకు కావలసిన ఈస్ట్ ఉండేది ఆ తొక్క మీదే. గాజు సీసాలో రెండు గ్లాసుల నీళ్లు, రెండు పెద్ద చెంచాల అల్లం తురుము, రెండు పెద్ద చెంచాల పంచదార వేసి కలపండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది ఈస్ట్‌ను బతకనివ్వదు. కాబట్టి మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి. మూతికి పల్చని బట్ట కట్టి రబ్బరు బ్యాండు వేయండి. నీళ్లు పోసిన పళ్లెంలో సీసాను నిలబెట్టండి, లేకపోతే తెల్లారేసరికి చీమలు బారులు తీరుతాయి.

రోజూ ఒక చెంచా అల్లం, ఒక చెంచా పంచదార వేసి కలుపుతూ ఉండాలి. ఎండాకాలంలో రెండో రోజో మూడో రోజో తురుమంతా పైకి తేలుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. అప్పుడు తోడు సిద్ధమైనట్టు. చలికాలంలో ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. వాసన ఘాటుగా, కాస్త పుల్లగా ఉంటే మంచిదే. పైన నూగులాంటి బూజు పట్టినా, కుళ్లు వాసన వచ్చినా మొహమాటపడకుండా పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.

తర్వాత కషాయం. రెండు లీటర్లకు 160 గ్రాముల తాటిబెల్లం, 60 గ్రాముల అల్లం, రెండు నిమ్మకాయలు చాలు. అల్లాన్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచి, బెల్లంతో కలిపి అర లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించండి. నాలుగు మిరియాలు, ఒక లవంగం వేస్తే ఇంకా బాగుంటుంది. గుంటూరు వాళ్లు ఒక ఎండుమిర్చి వేస్తామంటే నేను అడ్డుపడను. దించాక బట్టలో వడకట్టండి. తాటిబెల్లంలో ఇసుక ఉంటుంది, జల్లెడకు ఆగదు. మామూలు బెల్లంతోనూ చేయొచ్చు, ఆ నలుపూ ఆ కాస్త పొగ వాసనా మాత్రం రావు.

ఇందులో కాచి చల్లార్చిన నీళ్లు మరో లీటరున్నర పోయండి. వేలు పెడితే వేడి తగలకూడదు. తొందరపడి వేడిగా ఉండగానే తోడు వేస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. చల్లారాక నిమ్మరసం పిండి, వడకట్టిన తోడు అర గ్లాసు పోసి కలపండి.

ఇక సీసాల్లో పట్టడం. జాగ్రత్తంతా ఇక్కడే. డార్క్ ఏల్ కాచేవాళ్లు సీసాల్లో నింపే సమయానికి లోపలి చక్కెరను ఈస్ట్ దాదాపు తినేసి ఉంటుంది. గ్యాసు కోసం వాళ్లు లీటరుకు 6, 7 గ్రాముల చక్కెర కొత్తగా వేస్తారు. అది అయిపోగానే ఈస్ట్ తనంతట తానే ఆగిపోతుంది. రెండు మూడు వారాలు నిశ్చింతగా పక్కన పెట్టేయొచ్చు. మన సీసాలో లీటరుకు 80 గ్రాముల బెల్లం ఉంది. 4 గ్రాముల చక్కెర పులిస్తే సుమారు లీటరు గ్యాసు పుడుతుంది. మామూలు బీరులో లీటరుకు రెండు రెండున్నర లీటర్ల గ్యాసు ఉంటే, మనది వదిలేస్తే పదిహేను ఇరవై లీటర్ల దాకా పోతుంది. ఏ సీసా తట్టుకుంటుంది? దానంతట అది ఆగదు, మనమే ఆపాలి.

కాబట్టి గాజు సీసాలు వద్దు. అటక మీద పాత గోలీ సోడా సీసాలు ఉన్నా వద్దు, పగిలితే గాజు ముక్కలు కళ్లలోకి వస్తాయి. కూల్‌డ్రింక్ వచ్చే ప్లాస్టిక్ సీసాలు వాడండి. మంచినీళ్ల సీసాలు పల్చన, అవి పనికిరావు. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పైన రెండు అంగుళాలు ఖాళీ ఉంచి నింపండి. మూత గట్టిగా బిగించి, దాని మీద పట్టిన టైము మార్కర్‌తో రాసుకోండి.

నింపగానే సీసాను ఒకసారి నొక్కి చూడండి, మెత్తగా ఉంటుంది. మేలో అయితే ఎనిమిది గంటలకోసారి నొక్కుతూ ఉండాలి, సాయంత్రం పట్టింది మర్నాటికే రాయిలా గట్టిపడొచ్చు. సంక్రాంతి చలిలో రెండు మూడు రోజులు పడుతుంది. వేలికి లొంగనంత గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఊరికి వెళ్లే ముందు రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఎండాకాలంలో కరెంటు ఎక్కువసేపు పోతే మూత కొద్దిగా వదులు చేసి గ్యాసు వదిలి మళ్లీ బిగించండి.

తీసేది పూర్తిగా చల్లబడ్డాకే. చల్లటి నీళ్లలో గ్యాసు బాగా కరిగి ఉంటుంది, వెచ్చగా ఉండగా తీస్తే సగం సీలింగుకే పోతుంది. సింకులో పెట్టి మూత కొంచెం కొంచెంగా తిప్పండి. అడుగున మడ్డిలా పేరుకునేది ఈస్టే, హాని లేదు, కదపకుండా వంచుకుంటే సరి. వారంలోపు తాగేయండి.

ఒకటి నుంచి మూడు రోజులే పులిసింది కాబట్టి ఇందులో ఆల్కహాలు చాలా తక్కువ, కానీ బొత్తిగా లేకపోలేదు. బయట ఉంచేకొద్దీ పెరుగుతుంది. పిల్లలకు, గర్భిణులకు, భవానీ దీక్షలో ఉన్నవాళ్లకు పోయకండి. ఇంటికొచ్చినవాళ్లకు ఇచ్చేముందు సంగతి చెప్పి ఇవ్వండి.

మిగిలిన తోడుకు తీసినన్ని నీళ్లు, చెంచా అల్లం, చెంచా పంచదార కలిపి ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు. వారానికోసారి కాస్త మేత వేస్తూ ఉండండి. మళ్లీ చేయాలనుకున్నప్పుడు ముందు రోజే బయటపెట్టి, చిటపటలు వచ్చాక వాడుకోండి.