సొంత ఆడియోకి సొంత కరెంటు, 4వ పాఠం: ఒక పెట్టెలో మూడు సప్లైలు

పోయిన పాఠంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు), ఒక 7805 రెగ్యులేటర్‌తో డాక్‌కి (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డీఏసీకి) 5 వోల్టుల సప్లై తయారు చేశాం. ఇప్పుడు దాని పక్కన ఇంకో రెండు పెడదాం. ఫోనో ప్రీఆంప్‌కి (రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ని పెంచేదానికి) ప్లస్ 15, మైనస్ 15 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్లు. హెడ్‌ఫోన్ ఆంప్‌కి 12 వోల్టులు, అర ఆంపియర్. మూడూ ఒకే అల్యూమినియం పెట్టెలో ఉంటాయి, మీటరు పొడవు కేబుళ్లతో కరెంటు బయటకు వెళ్తుంది. రికార్డు ప్లేయర్ ముల్లు ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి నుంచి వచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ని దానికి ఎంత దూరంగా పెడితే అంత మంచిది. పెట్టె వేరుగా ఉంచడానికి అసలు కారణం అదే.

ముందే ఒక మాట. పెట్టెలో 230 వోల్టులు ఉంటాయి. ఇదివరకు మెయిన్స్ ముట్టుకోనివాళ్లు ప్రైమరీ (ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ వైపు చుట్ట) వైరింగ్ రోజున పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకోండి. ఇందులో మొహమాటం వద్దు.

ఈ పాఠమంతా ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది: పెట్టెలోకి వచ్చే మెయిన్స్ ఒకటే, ఎర్త్ ఒకటే; బయటకు వెళ్లే మూడు జీరో వోల్టులు (సప్లైల గ్రౌండ్ వైర్లు) మాత్రం ఈ పెట్టెలో ఎక్కడా కలవకూడదు. అవి ఎలాగూ డాక్, ప్రీఆంప్, ఆంప్‌ల మధ్య ఆర్‌సీఏ కేబుళ్ల షీల్డు ద్వారా కలుస్తాయి. పెట్టెలో కూడా కలిపితే ఒక చుట్టు ఏర్పడుతుంది. కెపాసిటర్లను చార్జి చేసే 100 హెర్ట్జ్ కరెంటు ఆ చుట్టులోకి చొరబడి స్పీకర్లో ‘బుర్ర్’మని వినిపిస్తుంది. అందుకే మూడింటికీ మూడు ట్రాన్స్‌ఫార్మర్లు, మూడు బ్రిడ్జిలు.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి ఎంచుకునేటప్పుడు మన విశాఖ ఎండాకాలం గుర్తుపెట్టుకోండి. 12 వోల్టుల సప్లైకి 12 వోల్టుల సెకండరీ (బయటకు వోల్టేజి ఇచ్చే చుట్ట) సరిపోతుందనిపిస్తుంది. లెక్క చూడండి: 12ని 1.414తో గుణిస్తే 17, బ్రిడ్జిలో 1.4 పోతే 15.6. అర ఆంపియర్ లోడు మీద 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కి రిపుల్, అంటే వోల్టేజిలో ఎగుడుదిగుడు, దాదాపు 1 వోల్టు, కాబట్టి అడుగున 14.6. 12 వోల్టుల రెగ్యులేటర్ 7812కి ఇన్‌పుట్ కనీసం 14 ఉండాలి. మెయిన్స్ 230 ఉన్నంతసేపు ఫరవాలేదు. మే నెల రాత్రి అపార్టుమెంటులో ఏసీలన్నీ ఆన్ అయి మెయిన్స్ 200కి దిగిందా, అడుగు 12.4కి పడిపోతుంది, పాటలో హమ్ మొదలవుతుంది. కాబట్టి ఇక్కడ 15 వోల్టుల సెకండరీ, 20 వి.ఎ. (వోల్ట్-ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం) తీసుకోండి. ఇదే లెక్కన ప్లస్, మైనస్ 15కి 18-0-18, 15 వి.ఎ. డాక్‌ది పాతదే, 9 వోల్టులు, 25 వి.ఎ. జాగ్రత్త ఎక్కువైనందుకు వేడి ఎక్కువవుతుంది, మూడూ కలిపి రెగ్యులేటర్ల దగ్గర దాదాపు 12 వాట్లు. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం అడుగు పలక మీద వాటిని ఎడంగా బిగించి, పైనా కిందా గాలి రంధ్రాలు పెడితే చాలు. పలకను గాజువాక ఆటోనగర్‌లో వంచి, రంధ్రాలు కొట్టించుకోవచ్చు. కానీ కొలతలు కాగితం మీద గీసి ఇవ్వండి, నోటితో చెప్పొద్దు.

టొరాయిడ్ (గారె ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్) బిగింపులో ఒకే ఒక ప్రమాదం ఉంది. మధ్యలోంచి పోయే బోల్టు కింద అడుగు పలకకు తగులుతుంది, అది సరే. అదే బోల్టు పైన మూతకి కూడా తగిలితే బోల్టు, మూత, పక్క గోడ, అడుగు కలిసి ట్రాన్స్‌ఫార్మర్‌కి షార్టయిన ఒక చుట్టు అవుతాయి. వందల ఆంపియర్లు తిరగగలవు. బోల్టు చివరకీ మూతకీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి.

ఇక ఎర్త్. ఐఈసీ సాకెట్ (మెయిన్స్ త్రాడు దూర్చే మూడు పిన్నుల సాకెట్) ఎర్త్ పిన్ను నుంచి పచ్చ-పసుపు వైరు నేరుగా అడుగు పలక మీది ఒక బోల్టుకి వెళ్లాలి. ఆ బోల్టు ఇంక దేన్నీ బిగించకూడదు. రింగు ట్యాగు కింద రంగునీ అనొడైజింగునీ మెరిసేదాకా గీకండి, నక్షత్రం వాషరు వేయండి, రెండు నట్లు బిగించండి. అనొడైజ్ చేసిన అల్యూమినియం పైకి లోహంలా కనిపించినా పైపొర కరెంటుని పోనివ్వదు. కాబట్టి మూతకి, ముందు పలకకి, వెనక పలకకి విడివిడిగా ఎర్త్ వైర్లు లాగండి. ఐఈసీ ఎర్త్ పిన్ను నుంచి ప్రతి పలకకి మల్టీమీటరు 1 ఓం లోపే చూపించాలి. లాసన్స్ బే, బీచ్ రోడ్, ఎంవీపీ కాలనీ వైపు ఉండేవాళ్లు ఇంకో పని చేయాలి: ఉప్పు గాలికి ఉక్కు వాషరు, అల్యూమినియం కలిసే చోట తెల్లటి పొడి పడుతుంది. బిగించాక ఆ జాయింటు మీద వార్నిష్ పూయండి, ఏడాదికోసారి మూత తీసి చూడండి.

ఫ్యూజు ఒక్కటి సరిపోదు. మూడింటి భారం మోసే ఫ్యూజు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతున్నా తెగదు. ప్రతి ప్రైమరీకి విడిగా స్లో బ్లో (ఆన్ చేసినప్పటి క్షణికమైన కరెంటుకి తెగని) ఫ్యూజు పెట్టండి, 25 వి.ఎ. దానికి 250 మిల్లీ ఆంపియర్లు.

మన సూత్రాన్ని దొంగచాటుగా చెరిపేసేవి రెండున్నాయి. మొదటిది రెగ్యులేటర్ ట్యాబు, అంటే స్క్రూ రంధ్రం ఉన్న లోహపు రేకు. 7805, 7812, 7815ల ట్యాబు గ్రౌండే కాబట్టి నేరుగా పలకకి బిగించినా ఏమీ మాడదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ మూడు జీరోలూ అక్కడే కలిసిపోతాయి. మైనస్ 15 ఇచ్చే 7915 ట్యాబు అయితే ఇన్‌పుట్, అంటే మైనస్ 24 వోల్టులు. అన్నింటికీ కింద మైకా (కరెంటుని ఆపే పల్చటి రేకు), స్క్రూకి ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. రెండోది బయటి సాకెట్లు. లోహపు డీసీ జాక్‌లో నెగెటివ్ చాలాసార్లు ప్యానెల్‌కి తగిలే ఉంటుంది. వాటి బదులు జీఎక్స్16 గుండ్రటి కనెక్టర్లు వాడండి: 5 వోల్టులకి రెండు పిన్నులది, ప్లస్ మైనస్ 15కి మూడు, 12కి నాలుగు. డాక్‌లో 12 వోల్టులు పొరపాటున కూడా దూరవు. పెట్టె వైపు ఎప్పుడూ రంధ్రాలున్న భాగమే ఉండాలి.

కరెంటు ఇవ్వకముందే మల్టీమీటరు బీప్‌లో పెట్టి మూడు జీరోలను ఒకదానితో ఒకటి, తర్వాత ప్రతి జీరోనీ పెట్టెతో చూడండి. ఆరు చోట్లా బీప్ రాకూడదు. వస్తే ముందు మైకాలు విప్పి చూడండి, అక్కడ చిన్న అల్యూమినియం రజను చాలు.

మొదటిసారి ఆన్ చేసేది సిరీస్ బల్బుతోనే, అంటే మెయిన్స్ వైరు మధ్యలో కలిపిన బల్బుతో. 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు చాలు. లోడు లేకుండా ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే వెంటనే ప్లగ్గు తీసేయండి. అన్నీ బాగుంటే బల్బు తీసి, డాక్ గీక్ ఏదీ తగిలించకుండా డమ్మీ లోడుగా రెసిస్టర్లు పెట్టండి: 5 వోల్టులకి 5 ఓంలు 10 వాట్లు, 12కి 24 ఓంలు 10 వాట్లు, ప్లస్‌కీ మైనస్‌కీ 150 ఓంలు 5 వాట్ల చొప్పున. మూత బిగించి రెండు గంటలు నడవనివ్వండి. ప్రతి సాకెట్ దగ్గర వోల్టేజి, మూత మీద ఉష్ణోగ్రత రాసి ఉంచుకోండి. అయిదో పాఠంలో నాయిస్ కొలత ఆ కాగితంతోనే మొదలుపెడదాం.