అంగం మీద మచ్చ, ఎరుపు, దురద వారాలైనా తగ్గకపోతే ఏం చేయాలి?

చేతి మీద మచ్చ కనిపిస్తే ఇంట్లో నలుగురికీ చూపిస్తాం. అదే లుంగీ చాటున వస్తే ఎవరికీ చెప్పం. మెడికల్ షాపులో ఆడవాళ్లు లేని సమయం చూసి వెళ్లి, గొంతు తగ్గించి "దురదకి ఏదైనా ఇవ్వన్నా" అంటాం. అతనూ ఏమీ అడగకుండా ఓ ట్యూబు చేతిలో పెడతాడు. మూడు రోజుల్లో ఎరుపు పోతుంది, నెల తిరిగేసరికి రెట్టింపై వస్తుంది. మళ్లీ అదే ట్యూబు. రెండు మూడు వారాలు దాటినా తగ్గని మార్పు ఏదైనా అక్కడ ఉంటే కింది వరుసలో వెళ్లండి.

ముందు ట్యూబు సంగతి

ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరుంటే అందులో స్టిరాయిడ్ ఉన్నట్టే. చాలా ట్యూబుల్లో దానికి తోడు ఓ ఫంగస్ మందు, ఓ యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటాయి. స్టిరాయిడ్ వాపునీ దురదనీ అణచేస్తుంది కాబట్టి తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ ఉన్నది తామర అయితే, ఫంగస్‌తో పోరాడే శక్తిని కూడా అదే అణచేస్తుంది. తామర గజ్జల నుంచి తొడలకూ పిరుదులకూ పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, చూసిన డాక్టరు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. పైగా అక్కడి చర్మం పలుచన. మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. నెలల తరబడి రాస్తే ఇంకా పలచబడి తొడల లోపలివైపు చారలు పడతాయి, అవి ఇక పోవు. కొందరికి వృషణాల సంచి ఎర్రగా మారి భగభగ మండుతుంది.

2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. కౌంటర్ దగ్గర ఆ మాట పట్టించుకునేవాళ్లు తక్కువే.

అందుకని మీ అంతట మీరు కొనుక్కున్నదైతే రాయడం ఆపండి, ట్యూబు మాత్రం పారేయకండి. డాక్టరుకు చూపించాల్సిన మొదటి వస్తువు అదే. నెలలుగా రోజూ రాస్తున్నవాళ్లకు ఆపగానే మంట పెరగవచ్చు. వాళ్లు ఆలస్యం చేయకుండా చర్మ డాక్టరును కలవడం మంచిది.

యాంటీసెప్టిక్ ద్రావణం, నిమ్మరసం, సున్నం కూడా వద్దు. మామూలు నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, తడి ఆరాకే బట్ట వేసుకోండి. వదులైన నూలు బట్ట చాలు. "వేడి చేసి ఉంటుందిలే" అని సబ్జా నీళ్లు తాగితే నష్టమేమీ లేదు, కాకపోతే మచ్చ తగ్గదు.

వెలుతురులో చూడండి

కొన్ని అసలు జబ్బే కావు. అంగం తల చుట్టూ ముత్యాల వరుసలా సన్నటి బొడిపెలు, తోలు మీద పాలిపోయిన పసుపు చుక్కలు, వయసు పైబడ్డాక వృషణాల సంచి మీద నల్లెరుపు చుక్కలు చాలామందికి ఉంటాయి. నొప్పీ దురదా లేకుండా ఏళ్లుగా అలాగే ఉంటే వదిలేయండి, గిల్లకండి. పులిపిర్లేమో అని అనుమానం వస్తే డాక్టరు ఒక్కసారి చూసి చెప్పేస్తారు.

తర్వాత ఒంటి మీద మిగతా చోట్లు చూసుకోండి. మోచేతులు, తల, గోళ్లలో సోరియాసిస్ ఉంటే అంగం మీది ఎర్ర మచ్చ కూడా అదే కావచ్చు. ఇక్కడ మాత్రం పొట్టు అంతగా రాలదు, అందుకే పోల్చుకోలేరు. బుగ్గల లోపల తెల్లటి గీతలుంటే లైకెన్ ప్లానస్ అనే చర్మవ్యాధిని అనుమానిస్తారు.

ఏ మాత్ర వేసుకున్నారో గుర్తు తెచ్చుకోండి

ఇది చాలామందికి తట్టదు. జ్వరానికో ఒంటినొప్పులకో విరేచనాలకో మాత్ర వేసుకుంటారు. కొన్ని గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో, అంగం తల మీద ఎర్రగా కంది, ఒక్కోసారి పొక్కి పుండవుతుంది. మానాక నల్ల మచ్చ మిగులుతుంది. కొన్ని నెలలకు మళ్లీ అదే మాత్ర, సరిగ్గా అదే చోట మళ్లీ పుండు. నొప్పి మాత్రలు, సల్ఫా మందులు, కొన్ని యాంటీబయాటిక్‌లు ఇలా చేస్తాయి. ఈ సంగతి తెలియక సుఖవ్యాధి అనుకుని కుమిలిపోయేవాళ్లున్నారు, భార్యను అనుమానించేవాళ్లూ ఉన్నారు. వైద్యం ఏమిటంటే ఆ మందు మళ్లీ జన్మలో వేసుకోకపోవడం. దాని పేరు చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. నల్ల మచ్చ పోవడానికి నెలలు పట్టవచ్చు.

షుగర్, ఇంట్లో వాళ్లు

ముందు తోలు పగుళ్లు బారి, దురదతో, పెరుగు తరకల్లాంటి తెల్లటి పదార్థం కనిపిస్తే అది చాలావరకు క్యాండిడా అనే ఫంగస్. క్లోట్రిమజోల్ క్రీము రోజుకు రెండుసార్లు, వారం రెండు వారాలు రాస్తే తగ్గుతుంది. తగ్గి మళ్లీ వస్తోందంటే షుగర్ పరీక్ష చేయించాల్సిందే, దాని మొదటి గుర్తు ఒక్కోసారి ఇదే అవుతుంది. ఇప్పటికే షుగర్ ఉండి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే, ఆ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి కాబట్టి ఈ ఫంగస్‌కు అవకాశం పెరుగుతుంది. మాత్రను మీరే ఆపేయకుండా, రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి.

రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో పిల్లలూ గోక్కుంటుంటే గజ్జి అనుకోండి. అంగం మీద, వృషణాల సంచి మీద గట్టి బుడిపెలు దాని గుర్తు. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి కాళ్ల దాకా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకుని, వారం తర్వాత మరోసారి రాయాలి. చంటిపిల్లలు, గర్భిణులు ఉంటే డాక్టరును అడిగాకే రాయండి. పురుగు చచ్చాక కూడా బుడిపెలు కొన్ని వారాలుంటాయి. మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ రాయకండి.

తెల్లబడితే

రంగు మాత్రమే పోయి చర్మం మామూలుగా మెత్తగా ఉంటే బొల్లి కావచ్చు. చర్మం తెల్లగా, బిగుతుగా, కాగితంలా ముడతపడి, ముందు తోలు వెనక్కి రావడం కష్టమవుతుంటే అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. దీన్ని నిర్లక్ష్యం చేస్తే మూత్రద్వారం సన్నబడుతుంది, ఏళ్లు గడిచాక క్యాన్సర్‌కు దారితీసే అవకాశం కూడా కొంత ఉంది. తమాషా ఏమిటంటే దీనికి మొదటి మందు క్లోబెటసాలే. పైన వద్దన్నది ఇదే. జబ్బు తేలాక, డాక్టరు చెప్పిన కొలతలో, సుమారు మూడు నెలల దాకా రాస్తారు. దాంతో లొంగకపోతే సున్తీ చేస్తారు.

ముక్క పరీక్ష అంటే భయపడకండి

మానని పుండు, మఖమల్‌లా ఎర్రగా మెరిసే మచ్చ, గట్టిపడిన గడ్డ, ముట్టుకుంటే రక్తం రావడం, ముందు తోలు కింద చెడు వాసన – వీటిలో ఏదున్నా వాయిదా వేయకండి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. ఇక్కడి క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే అంగాన్ని కాపాడవచ్చు.

నొప్పిలేని పుండు సిఫిలిస్ అనే సుఖవ్యాధి కూడా కావచ్చు. అది దానంతటదే మానినా రోగం లోపలే ఉంటుంది, రక్తపరీక్షలో తేలుతుంది. పెన్సిలిన్‌తో నయమవుతుంది. భార్యకు లేదా భాగస్వామికీ పరీక్ష, వైద్యం జరగాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఇవి ఉచితం. ఫోన్లో అడగాలంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097.

వృషణాల దగ్గర భరించలేని నొప్పి, జ్వరంతో చర్మం నల్లబడటం, వెనక్కి వెళ్లిన ముందు తోలు అక్కడే బిగుసుకుపోవడం – వీటికి అదే రోజు, రాత్రయినా సరే, క్యాజువాలిటీకి వెళ్లండి.

డాక్టరు దగ్గర

వెళ్లాల్సింది చర్మ, సుఖవ్యాధుల విభాగానికి. రాసిన ట్యూబులన్నీ, వేసుకునే మాత్రల చీటీలు, మచ్చ ఎక్కువగా ఉన్నప్పుడు తీసిన ఫోటో తీసుకెళ్లండి. ఎదుట మాటలు రాకపోతే "అంగం మీద మచ్చ, నాలుగు నెలలైంది, ఈ ట్యూబు రాశాను" అని కాగితం మీద రాసి ఇచ్చినా చాలు. గదిలో వేరే రోగులుంటే వాళ్లు వెళ్లాకే చూపిస్తానని అడగండి, కాదనరు.