నడిసముద్రంలో మంచినీళ్ల పొదుపు

ఆఫ్రికా పక్కనున్న కానరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్‌కు తెరచాప పడవలో సుమారు 2,700 నాటికల్ మైళ్లు (దాదాపు 5,000 కిలోమీటర్లు), దాదాపు మూడు వారాలు. మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన, పైన మూడో వంతు అదనంగా నింపుకోండి. అన్నీ ఒకే ట్యాంకులో పోయొద్దు. అది కారితే గతి లేదు. విడి క్యాన్లను అంచుదాకా నింపకండి, కాస్త గాలి ఉంటే సముద్రంలో పడినా బాగా తేలతాయి.

కరెంటు పంపు కన్నా కాలితో తొక్కేదే మేలు. ఎన్ని నీళ్లు పోయాయో కాలికి తెలుస్తుంది.

అన్నం ఎసట్లో ఉప్పునీళ్లు పావు వంతు మించితే నోట పెట్టలేం. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, స్ప్రే సీసాతో మంచినీళ్లు చల్లితే చాలు.

సముద్రపు నీళ్లతో స్నానానికి మామూలు సబ్బు నురగ రాదు, షాంపూ వాడండి. చివర్లో ఒక్క చెంబు మంచినీళ్లు మాత్రం పోసుకోవాల్సిందే. ఒంటిమీద మిగిలిన ఉప్పు చెమ్మ పీల్చి, కూర్చునే చోట పుండ్లు పడతాయి. ఇక్కడ పిసినారితనం అస్సలు వద్దు.